కలము ఆగిపోయినప్పుడు



మన సంఘాలలో మాట్లాడేవారికి కొదువ లేదు. గృహకూటములో సాక్ష్యము చెప్పమంటే పావుగంట సేపు ఎక్కడా తడబడకుండా చెప్పే తల్లులున్నారు. పొలం గట్టు మీద కూర్చుంటే తమ తాతల కాలపు కరువును కళ్ళకు కట్టించే పెద్దలున్నారు. అదే సంగతిని ఒక కాగితం మీద పెట్టి పత్రికకు పంపమని అడిగి చూడండి. జవాబు ఒక్కటే వస్తుంది. "అయ్యగారూ, చెప్పుమంటే చెప్తాం గాని, రాసుడు మాతోని కాదు."

కొందరు ధైర్యం చేసి మొదలుపెడతారు. నోటుబుక్కు కొంటారు. మొదటి పేజీలో పై భాగాన "ప్రభువుకు స్తోత్రము" అని అందంగా వ్రాస్తారు. నాలుగు వరుసలు సాగుతాయి. అయిదవ వరుసలో కలం ఆగిపోతుంది. ఆ నోటుబుక్కు తరువాత పాల లెక్కలకు పనికివస్తుంది. ఈ నెల ఆ అయిదవ వరుస గురించి మీతో మాట్లాడాలని ఆశిస్తున్నాము.

వ్రాయకపోతే పోయేదేమిటి?

మేము ఉంటున్న తుర్కపల్లి, శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి మీద వచ్చే ఊరు. 1999లో ఇక్కడ జీనోమ్ వ్యాలీ మొదలైంది. జొన్నలు, కందులు పండిన నేలల్లో ఇప్పుడు పరిశోధనశాలలు, టీకాల కర్మాగారాలు ఉన్నాయి. 2021 జనవరిలో అత్యవసర వాడకానికి అనుమతి పొందిన కొవాగ్జిన్ టీకా ఈ ప్రాంతంలోనే తయారైంది. ఆ టీకా ఎప్పుడు, ఎలా, ఎన్ని పరీక్షలు దాటి వచ్చిందో ప్రతి అడుగూ కాగితం మీద ఉంది. వ్రాసి పెట్టని పరీక్షను శాస్త్రలోకం పరీక్షగానే లెక్కపెట్టదు.

మరి అదే నేల మీద మన విశ్వాసుల బ్రతుకు సంగతి ఏమిటి? ఈ ప్రాంతములో మొదట బాప్తిస్మము పొందిన కుటుంబాలు ఏమి కష్టపడ్డాయి? ఏ బావి దగ్గర వారిని నీళ్ళు తోడుకోనివ్వలేదు? ఏ చెట్టు క్రింద మొదటి ఆరాధన జరిగింది? ఇవన్నీ కొందరు వృద్ధుల నాలుక మీద మాత్రమే ఉన్నాయి. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వచ్చి మన పల్లెల నుండి ఎందరో పెద్దలను తీసుకుపోయింది. వారిని సమాధి చేసినప్పుడు వారితో కూడ ఎన్ని సాక్ష్యములు మట్టిలో కలిసిపోయాయో ఆలోచించండి. ఆస్తి పంపకాల కాగితాలు భద్రంగానే ఉన్నాయి. భక్తి పంపకాల కాగితం మాత్రం లేదు.

మెదక్ చర్చిని చూడనివారు మన పాఠకులలో తక్కువ. రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి ఆధ్వర్యములో, కరువు కాలములో పేదలకు పనీ అన్నమూ దొరికేలా, పదేళ్ళ పాటు ఆ నిర్మాణం సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పాస్నెట్ దొరగారి పేరు పుస్తకాలలో ఉంది, ఉండవలసినదే. మరి ఆ రాళ్ళు మోసిన తల్లుల పేర్లు ఎక్కడ ఉన్నాయి? "మా నాయనమ్మ ఆ గుడికి రాళ్ళు మోసింది" అని చెప్పే మనుమలు మెదక్ ప్రాంతములో ఉన్నారు. ఆ ఒక్క మాటనైనా వారు వ్రాసి పెడితే తప్ప, తరువాతి తరానికి ఆ తల్లి రాళ్ళు మోసిన సంగతే తెలియదు.

కాబట్టి రచన అంటే పేరు కోసమో బహుమానం కోసమో చేసే పని అని మాత్రమే అనుకోవద్దు. అది జ్ఞాపకాన్ని కాపాడే కావలి పని.

లేఖనములలో వ్రాతగాళ్ళు

పరిశుద్ధ గ్రంథము ఆకాశం నుండి అచ్చై పడలేదు. మనుష్యులు దేవుని ఆత్మచేత ప్రేరేపింపబడి, చేతులు నొప్పి పుట్టేలా వ్రాశారు. లూకా తన సువార్త మొదటి నాలుగు వచనాలలో తాను ఏమి చేశాడో చెబుతున్నాడు. కన్నులార చూసినవారు అందించిన సంగతులను మొదటి నుండి తరచి పరిశోధించి, వరుసగా కూర్చాడు. అంటే అడిగాడు, విన్నాడు, సరిచూసుకున్నాడు, ఆ తరువాత వ్రాశాడు. ప్రేరణ ఉన్నది కదా అని శ్రమ మానలేదు.

రోమా పత్రిక చివరికి రండి. పదహారవ అధ్యాయము ఇరవై రెండవ వచనములో తెర్తియు అనే ఒకడు మధ్యలో తల ఎత్తి తన వందనములు చెబుతాడు. పౌలు చెబుతుంటే వ్రాసినవాడు అతడే. చెప్పేవాడు ఒకడు, వ్రాసేవాడు మరొకడు అయితే తప్పు లేదు. మన ఇళ్ళలో నాయనమ్మ పౌలు వలె చెప్పగలదు. పదవ తరగతి చదువుతున్న మనుమరాలు తెర్తియు వలె వ్రాయగలదు.

యిర్మీయా గ్రంథము ముప్పది ఆరవ అధ్యాయమును ఈ వారము ఇంటిలో కలిసి చదవండి. ప్రవక్త నోటి మాటలను బారూకు సిరాతో గ్రంథపుచుట్టలో వ్రాశాడు. యెహోయాకీము రాజు చలికాలపు ఇంటిలో కుంపటి ముందు కూర్చుని, మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి నిప్పులో వేయించాడు. అంత కష్టమూ బూడిదైంది. అప్పుడు దేవుడు ఏమి చేశాడు? ఇంకొక చుట్ట తీసుకొని మరల వ్రాయమన్నాడు. వారు వ్రాశారు. ఆ అధ్యాయము చివరి వచనము చూస్తే, మొదటి దానిలో ఉన్నవే గాక అటువంటివే మరెన్నో మాటలు రెండవ చుట్టలో చేరాయి. కాలిపోయిన దానికంటె తిరిగి వ్రాసినది పెద్దదైంది. చిత్తుప్రతి చిరిగిపోయిందని ఏడ్చేవారికి ఇంతకంటె ఆదరణ ఏముంటుంది?

బూడిదలో నుండి తెలుగు అక్షరము

ఇటువంటి సంగతి మన తెలుగు బైబిలు చరిత్రలోనూ ఉంది. బెంజమిన్ షుల్జ్ గారు 1727 ప్రాంతములో మద్రాసులో బైబిలును తెలుగులోనికి మార్చే పని మొదలుపెట్టి ఏళ్ళ తరబడి శ్రమించారు. ఆ వ్రాతప్రతి అచ్చు కాకుండానే ఉండిపోయింది. దాదాపు ఎనభై ఏళ్ళ తరువాత, 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారైన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. భాష రాదు, ఎండకు ఓర్చుకోలేని శరీరాలు. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగులోనికి తెచ్చారు. క్రాన్ గారు 1809లో, డెస్ గ్రాంజెస్ గారు 1810లో కన్నుమూశారు. తాము అనువదించినది అచ్చులో చూసుకునే భాగ్యము వారికి కలుగలేదు. వారి మరణం తరువాత మత్తయి, మార్కు, లూకా సువార్తలు సేరాంపూర్‌లో అచ్చయ్యాయి.

ఆ సేరాంపూర్ అచ్చుశాలలోనే 1812 మార్చి 11 సాయంత్రం నిప్పు అంటుకుంది. కాగితాలు, అనేక భాషల అచ్చు అక్షరాలు, విలియం కేరీ గారు ఏళ్ళ తరబడి కూర్చిన నిఘంటువుల, వ్యాకరణాల వ్రాతప్రతులు కాలిపోయాయి. కేరీ గారు ఆ రాత్రి కలకత్తాలో ఉన్నారు. మరునాడు వార్త తెలిసింది. ఇప్పటి కంప్యూటరులో వలె మరొక ప్రతి దాచిపెట్టుకునే వీలు ఆ రోజుల్లో లేదు. అయినా ఆయన కూర్చుని మరల మొదలుపెట్టారు. రెండేళ్ళకే, 1814లో, ఆయన తెలుగు వ్యాకరణము అచ్చులో వచ్చింది. అంతకుముందు ఆయన ఇంగ్లండులో చెప్పులు కుట్టి బ్రతికినవాడని మనము మరచిపోకూడదు.

కాబట్టి సహోదరులారా, పని ఆగడం వేరు, ఆగిపోవడం వేరు. అచ్చుశాల కాలినా పని ఆగిపోలేదు.

వినుకొండ బిడ్డ

రచయిత కావడమంటే ఏమిటో మన తెలుగు క్రైస్తవులలో గుర్రం జాషువా గారి కంటె ఎవరూ ఎక్కువగా చూపించలేదు. ఆయన 1895 సెప్టెంబరు 28న గుంటూరు జిల్లా వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య గారిదీ తల్లి లింగమ్మ గారిదీ వేర్వేరు కులాలు. ఇప్పుడు ఆ ఊరు పల్నాడు జిల్లాలో ఉంది. అప్పట్లో మాదిగ తల్లి బిడ్డ పద్యం వ్రాయడమంటే, వ్రాయడానికి ముందే వద్దన్నవారు వందమంది.

జీవనోపాధి చూడండి. ఒక మిషన్ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగం పోయింది. 1915-16లలో రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ చదివే పని చేశారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి మాటలు చదవాలి. తరువాత గుంటూరులో లూథరన్ సంఘము వారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పదేళ్ళు, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ శిక్షణాలయములో తెలుగు పండితునిగా. ఆ తరువాత యుద్ధకాలపు ప్రచారకునిగా, 1957 నుండి మద్రాసు ఆకాశవాణిలో. ఇన్ని పనుల మధ్య ఆయన వ్రాశారు. తీరిక దొరికాక వ్రాద్దామని కూర్చుంటే జాషువా గారు ఒక్క పద్యమూ వ్రాసి ఉండేవారు కాదు.

చదువు మాటకొస్తే, జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కాళిదాసు కావ్యాలు నేర్చుకున్నారు. అడగడానికి సిగ్గుపడలేదు. నేర్పడానికి ఆ గురువు గారు వెనుకాడలేదు. కాళిదాసు మేఘముతో కబురు పంపిన కావ్యాన్ని చదివినవాడే, 1941లో గబ్బిలముతో కబురు పంపే కావ్యం వ్రాశాడు. గుడిలోనికి రానివ్వని పేదవాడు తన మొరను ఆ గుడి చూరుకు వేలాడే గబ్బిలంతో దేవుని చెవిలో వేయించడం ఎంత గొప్ప ఊహ! మేఘం కాళిదాసుది. గబ్బిలం మాత్రం పూరిగుడిసెలో పుట్టిన వాడికే కనబడుతుంది. పాఠకులారా, దీనిని గుర్తుంచుకోండి. ఎవరి దగ్గరనైనా నేర్చుకోవచ్చు, కాని వ్రాయవలసినది మాత్రం మన ఇంటి చూరులోనే ఉంటుంది.

అటు కులము పేరిట సభలలో అవమానాలు. ఇటు పురాణ కథలు వ్రాస్తున్నాడేమిటని క్రైస్తవులలోనే కొందరి అనుమానపు చూపులు. మన సంఘాలు ఈ మాటను దాచకూడదు. దేవుడు ఒకరికి వరమిచ్చినప్పుడు ఆ వరము మనము గీసిన గీతలోనే నడవాలని పట్టుబట్టి, ఎన్ని కలాలను మనమే ఆపామో పరీక్షించుకోవాలి. జాషువా గారు మాత్రం పేదరికాన్నీ కులభేదాన్నీ తనకు పాఠం చెప్పిన గురువులుగా లెక్కపెట్టుకున్నారు. ఒకరు ఓర్పు నేర్పారు, ఒకరు ఎదిరించడం నేర్పారు అన్నది ఆయన భావం.

ఆయన 'క్రీస్తు చరిత్ర' వచ్చింది 1958లో, అప్పటికి ఆయన అరవై దాటారు. ఆ కావ్యానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. శతావధాని చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న ఆయన నిద్రించారు. తరువాత ఆయన కుమార్తె, నిజామాబాదు ప్రాంతములో జోగిని వ్యవస్థకు వ్యతిరేకముగా పనిచేసిన హేమలతా లవణం గారు, 'మా నాన్నగారు' అని తండ్రి జీవితాన్ని గ్రంథం చేశారు. కన్నబిడ్డ కలం పట్టింది గనుక ఇంటి లోపలి జాషువా గారు కూడ మనకు దక్కారు.

కలము ఎందుకు ఆగుతుంది?

మేము గమనించినంతలో దీనికి కారణాలు ముఖ్యముగా అయిదు.

మొదటిది, భాష భయం. వ్రాయడమంటే పెద్ద పెద్ద మాటలు కావాలనుకుంటాము. ఇంటిలో "పొద్దుగూకినంక" అనేవారు కాగితం మీద "సూర్యాస్తమయానంతరము" అని వ్రాయబోతారు. రెండవ వాక్యానికి ఆ మాటలు అయిపోతాయి. గిడుగు రామమూర్తి గారు (1863-1940) వాడుక భాషలో వ్రాయవచ్చునని పోరాడి గెలిచారు. కాళోజీ నారాయణరావు గారు (1914-2002) మన తెలంగాణ పలుకుబడికి కలం గౌరవం తెచ్చారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. మీ అమ్మ మాట్లాడిన భాష సాక్ష్యానికి చాలు.

రెండవది, "మా ఊళ్ళో వ్రాసేవాళ్ళెక్కడ?" అనే తక్కువతనం. ఒకప్పుడు తెలంగాణలో కవులే లేరని ఒక మాట వచ్చింది. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి కోపముతో జవాబు చెప్పలేదు. ఊరూరా వెదకి, 354 మంది కవుల రచనలను కూర్చి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను అచ్చు వేశారు. వెదికేవాడు లేక కనబడలేదు గాని, వ్రాసేవారు లేక కాదు.

మూడవది, మొదటి ప్రయత్నములోనే అంతా బాగా రావాలన్న తొందర. దుక్కి దున్నిన నాడే ఎవరూ కొడవలి తీసుకొని పోరు. చిత్తుప్రతి అంటే దుక్కి. గడ్డలు ఉంటాయి, కలుపు ఉంటుంది. గొర్రు తోలి చదును చేసేది తరువాత.

నాలుగవది, సరుకు లేకపోవడం. కొన్నిసార్లు కలం ఆగేది మనసు మొద్దుబారి కాదు, చెప్పడానికి తెలిసినది అయిపోయి. బావిలో నీరు లేకపోతే చేద ఎంత లాగినా ఏమి లాభం? అప్పుడు కాగితం ముందు కూర్చోవడం మాని లూకా వలె లేచి వెళ్ళి అడగాలి.

అయిదవది, దుఃఖం. ఇది మిగిలిన నాలుగింటి వంటిది కాదు. ఇంటిలో చావు జరిగినప్పుడు, బిడ్డ తప్పిపోయినప్పుడు, అప్పు మెడకు చుట్టుకున్నప్పుడు మాట రాదు. 137వ కీర్తన చూడండి. బబులోను నదుల యొద్ద చెరలో ఉన్నవారు తమ సితారాలను చెట్లకు తగిలించేశారు. పాడమని అడిగినవారితో, పరదేశములో పాడడం తమ వల్ల కాదన్నారు. పాడలేకపోవుచున్నామని వారు చెప్పిన ఆ మాటలే రెండున్నర వేల ఏళ్ళుగా దేవుని ప్రజలు పాడుకునే కీర్తన అయ్యాయి! వ్రాయలేకపోతున్నప్పుడు, ఎందుకు వ్రాయలేకపోతున్నామో అదే దేవుని ముందు పెట్టి వ్రాయవచ్చు. దుఃఖములో ఉన్నవారిని తొందరపెట్టవద్దు. సితారను చెట్టుకు తగిలించారే గాని వారు నదిలో పారవేయలేదు.

ఆగినప్పుడు ఏమి చేయాలి?

ప్రార్థన చేయండి. ప్రార్థన చేసి ఊరుకోవద్దు. ఈ క్రింది సంగతులు మా పాస్టరేటులో సాక్ష్యములు వ్రాయాలనుకున్నవారికి మేము చెబుతున్నవి.

ఒకరికి ఉత్తరం వ్రాసినట్టు వ్రాయండి. "పాఠకులు" అని తలచుకుంటే చేయి వణుకుతుంది. పట్నంలో ఉన్న చెల్లెలిని తలచుకోండి. "చెల్లీ, ఆ సంవత్సరం బోరు ఎండిపోయినప్పుడు ఏమైందో నీకు తెలియదు" అని మొదలుపెట్టండి. క్రొత్త నిబంధనలో సగానికి పైగా గ్రంథములు ఉత్తరాలే కదా.

మొదలు దొరకకపోతే మధ్యలో నుండి ఎత్తుకోండి. ఆసుపత్రిలో డాక్టరు చేతులెత్తేసిన రాత్రి మీకు బాగా గుర్తుంటే ఆ రాత్రి నుండే వ్రాయండి. "నేను ఫలానా ఊరిలో పుట్టితిని" అన్నది తరువాత చేర్చవచ్చు.

రోజుకు పది వరుసలు చాలు. వేళ ఒక్కటిగా ఉండాలి. ఉదయ ప్రార్థన తరువాత గాని, పశువులకు మేత వేసి వచ్చాక గాని. ఇక్కడి కర్మాగారాలలో షిఫ్టు పని చేసే యౌవనులు బస్సు కోసం నిలబడే పది నిమిషాలు ఉన్నాయి. వ్రాయడం ఇంకా కొంత మిగిలి ఉండగానే ఆపండి. రేపటి మొదటి వాక్యము మనసులో పెట్టుకొని లేచినవాడు మరునాడు ఖాళీ కాగితానికి భయపడడు.

చదవడం రానివారు, కళ్ళు కనబడనివారు చెప్పి వ్రాయించండి. మిల్టన్ మహాకవికి 1652 నాటికే చూపు పోయింది. 'పారడైజ్ లాస్ట్' కావ్యాన్ని ఆయన నోటితో చెప్పగా ఇతరులు వ్రాశారు, 1667లో అచ్చైంది. నేడు మన చేతిలోని ఫోనుకు తెలుగులో చెబితే అదే అక్షరాలుగా మారుస్తుంది. తప్పులు వస్తాయి. కూర్చుని దిద్దాలి. కాని ఖాళీ కాగితం కంటె తప్పులున్న కాగితం మేలు.

సరుకు అయిపోతే సంఘపు పెట్టె తెరవండి. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధుల రాళ్ళ మీది తేదీలు, కుటుంబ బైబిలు మొదటి పేజీలో తాతగారు వ్రాసుకున్న పుట్టిన తేదీలు, ఇవి చూడండి. ఒక్క తేదీ దొరికితే దాని వెనుక పది జ్ఞాపకాలు లేస్తాయి. పెద్దలను అడిగేటప్పుడు "మీ సాక్ష్యం చెప్పండి" అంటే అలవాటైన మాటలే వస్తాయి. "ఆ రోజు ఏమి తిన్నారు? ఇంటికి ఎట్లా నడిచి వచ్చారు? ఎవరు తలుపు తీశారు?" అని అడగండి. అప్పుడు వారి కళ్ళు మారతాయి.

ముందుకు పోనప్పుడు లేవండి. బమ్మెరలో పొలం దున్నుకుంటూ భాగవతం వ్రాసిన పోతన గారి గురించి ఒక కథ చెప్పుకుంటారు. గజేంద్రమోక్షములో ఒక పద్యం దగ్గర ఊహ అందక, గంటం పక్కన పెట్టి బయటికి వెళ్ళారట. తిరిగి వచ్చేసరికి పద్యం పూర్తయి ఉందట. ఆ కథలోని మహిమ సంగతి అటుంచితే, పట్టు దొరకనప్పుడు కాసేపు లేచి వెళ్ళాలన్న అనుభవం అందులో ఉంది. బలవంతంగా కూర్చున్నవానికి రాని మాట, నీళ్ళు తోడుతుంటే వస్తుంది.

కాగితం లేదని, చోటు లేదని ఆపవద్దు. దాశరథి కృష్ణమాచార్య గారు నిజామాబాదు జైలులో బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు వ్రాశారు. పాత గిన్నెలకు మాట్లు వేసి బ్రతికిన జాన్ బనియన్ గారు 1660 నుండి పన్నెండేళ్ళు బెడ్‌ఫర్డ్ జైలులో ఉండి కలం విడువలేదు. ఆయన 'యాత్రికుని ప్రయాణము' 1678లో వచ్చింది. ఎక్కువగా చదువుకోని ఆ మనిషి గ్రంథము నేటికీ మన విశ్వాసుల ఇళ్ళలో ఉంది.

వ్రాశాక బిగ్గరగా చదవండి. ఇంటిలోనివారు వింటుండగా చదవండి. ఎక్కడ మీ నాలుక తడబడిందో అక్కడ వాక్యం దిద్దాలి. ఎక్కడ మీ అత్తగారు కొంగుతో కన్ను తుడుచుకున్నారో అక్కడ ముట్టుకోవద్దు. తరువాత తేదీలు, పేర్లు సరిచూసి శుభ్రప్రతి వ్రాయండి. జరగనిది కలపవద్దు. జరిగినదానిని పెంచవద్దు. దేవుని కార్యానికి మన కల్పన సహాయం అక్కరలేదు. సజీవంగా ఉన్నవారి లోపాలను బయటపెట్టేటప్పుడు, ఆ మనిషి మన ప్రక్కన కూర్చుని చదువుతున్నట్టు తలచుకొని వ్రాయండి.

ఇంటికొక పుస్తకము

కాపరులకు, సంఘ పెద్దలకు ఒక మనవి. వ్రాయగలిగిన బిడ్డ మీ సంఘములో కనబడితే వాక్యము చదివించడానికే గాక, సంఘ చరిత్ర వ్రాయించడానికి పిలవండి. ఆదివారపు బడి పిల్లలకు ఈ వేసవిలో ఒక పని అప్పగించండి. ప్రతి బిడ్డ తన తాతనో నాయనమ్మనో అడిగి రెండు పేజీలు వ్రాసుకొని రావాలి. కోత పండుగ నాడు ధాన్యపు బస్తాలతో పాటు ఆ పేజీలను కూడ బల్ల మీద పెట్టండి. స్త్రీల మైత్రిలో నెలకొక సాక్ష్యము చెప్పించి, అక్షరం వచ్చిన సహోదరి చేత వ్రాయించండి. ఏడాదికి పన్నెండు అవుతాయి. అయిదేళ్ళకు అరవై. అది ఒక గ్రంథము.

యౌవనులకు ఇంకొక మాట. ఇంగ్లీషు బడులలో చదివి, తెలుగు మాట్లాడడం తప్ప వ్రాయడం రాని తరం మన ఇళ్ళలో పెరుగుతోంది. రోజుకు ఒక వచనం తెలుగు బైబిలు చూసి చేతితో వ్రాయండి. ఏడాది తిరిగేసరికి అక్షరం కుదురుతుంది, వాక్యం మనసులో ఉంటుంది. ఒరిస్సా సరిహద్దున పర్లాకిమిడి ప్రాంతములో బెంగాలీ కుటుంబములో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) తెలుగులో వ్రాసిన కీర్తనలను మనము నేటికీ ఆరాధనలో పాడుతున్నాము. బెంగాలీ ఇంటిలో పుట్టిన ఆయనకు తెలుగు అంతగా అబ్బినప్పుడు, తెలుగు ఇంటిలో పుట్టిన మనకు అబ్బదా?

హబక్కూకుతో ప్రభువు చెప్పినది జ్ఞాపకం చేసుకోండి. దర్శనమును స్పష్టముగా, పరుగెత్తువాడు సహితం చదువగలిగేలా పలక మీద వ్రాయమన్నాడు. పండితుడు మెచ్చేలా అనలేదు. పరుగెత్తువాడు చదివేలా అన్నాడు. మన పల్లెల్లో ఇప్పుడు అందరూ పరుగెత్తుతూనే ఉన్నారు, షిఫ్టుకు, బడికి, ఆసుపత్రికి. వారు ఒక్క నిమిషం ఆగి చదవగలిగిన నాలుగు సత్యమైన వరుసలు మీ దగ్గర ఉన్నాయి.

పాల లెక్కల నోటుబుక్కు తీయండి. ఆ నాలుగు వరుసల క్రింద అయిదవ వరుస వ్రాయండి. కలం మరల ఆగితే మరల ప్రార్థించి మరల వ్రాయండి. మోషేకు నోటి మాంద్యమున్నా దేవుడు వదలిపెట్టలేదు. మన చేతి మాంద్యమును కూడ ఆయన ఎరుగును. మీరు వ్రాసినది ఎంత చిన్నదైనా ఈ పత్రికకు పంపండి. అక్షర దోషాలు దిద్దుకోవచ్చు. వ్రాయనిదానిని మాత్రం ఎవరూ దిద్దలేరు.

మన చేతిపనిని ప్రభువు స్థిరపరచును గాక. ఆమేన్.